పంది కిడ్నీ వచ్చేస్తోందట, అమ్మ కిడ్నీ వద్దంటున్నారు నాన్న

ప్రశ్న: అక్కా నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి మండలం, పెళ్ళయ్యాక విజయనగరంలో ఉంటున్నాను. మా నాన్నకి 57 ఏళ్ళు, కొబ్బరితోట ఉంది, రెండేళ్ళుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నారు. అమ్మ తన కిడ్నీ ఇస్తానంది. అమ్మది ఓ పాజిటివ్, నాన్నది బీ పాజిటివ్, డాక్టరుగారు టెస్టులు మొదలుపెడదాం అన్నారు. ఇంతలో ఎవరో నాన్న ఫోన్‌కి వీడియో పంపించారు, అమెరికాలో పంది కిడ్నీ మనిషికి పెట్టేశారు ఇంక డయాలసిస్ అక్కర్లేదు అని. అప్పట్నుంచీ "మీ అమ్మని కొయ్యడం దేనికి, అదొచ్చీదాకా ఆగుతాను" అని ఒకటే మాట. మా పెద్దబావేమో ఇదంతా మందుల కంపెనీల మోసం అని నాన్నతో గొడవేసుకున్నాడు, ఇప్పుడు మాటల్లేవు. మా మేనత్త "ఓలమ్మో, పందిది ఒంట్లో ఎట్టుకుంతావేటి, సచ్చీ ముందు ఇదేటి" అని ఏడుపు. మొన్న నాన్న ఒక రోజు డయాలసిస్‌కి కూడా వెళ్ళలేదు, ఎలాగూ కొత్త కిడ్నీ వస్తుంది కదా అని తోటలో కొబ్బరి నీళ్ళు కూడా తాగుతున్నారని అమ్మ చెప్పింది. అసలు ఆ వార్త నిజమా అబద్ధమా, నాన్నని ఎలా ఒప్పించాలి? ఇంకోటి, మా తమ్ముడికి 28 ఏళ్ళు, రక్తపరీక్షలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6 వచ్చింది, వాడు ఇవేవీ పట్టించుకోడు.

సమాధానం: చెల్లీ, వార్త సంగతి తర్వాత చూద్దాం. నీ ఉత్తరంలో నాకు భయం వేసింది పంది దగ్గర కాదు, ఆ మానేసిన డయాలసిస్ దగ్గర, ఆ కొబ్బరి నీళ్ళ దగ్గర. ఉద్దానంలో పుట్టి పెరిగిన మనిషికి కొబ్బరి నీళ్ళు తాగొద్దు అని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు, ఇంటికొచ్చిన వాళ్ళకి మంచినీళ్ళ కంటే ముందు బొండాం కొట్టిచ్చే ఊళ్ళు మీవి. కానీ ఒక పెద్ద గ్లాసు కొబ్బరి నీళ్ళలో 500, 600 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది, డయాలసిస్ మీదున్న మనిషికి రోజు మొత్తం తిండిలో కలిపి 2000 చుట్టుపక్కల ఆగమంటారు. మంచి కిడ్నీ అయితే ఎక్కువైంది బయటికి తోసేస్తుంది, నాన్నగారికి ఆ పని చేసేది మిషనే, అదీ వారంలో మూడు రోజులే. ఒక రోజు మానేసి పైన బొండాం తాగితే పొటాషియం పెరిగి గుండె కొట్టుకోవడమే తేడా చేస్తుంది, కొన్నిసార్లు ముందు ఏ హెచ్చరికా ఉండదు, కాళ్ళు బరువుగా అనిపించడం, ఒళ్ళు సత్తువ లేకపోవడం అంతే, దాన్ని ఎండకి నీరసం అనుకుని పడుకుంటారు. అందుకని మిగతా గొడవ ఏమైనా సరే, ఈ రెండూ ఈ రోజే అమ్మకి ఫోన్ చేసి చెప్పు. ఇంకోసారి ఏ కారణం వల్లైనా డయాలసిస్ తప్పిపోతే మళ్ళీ టర్న్ వచ్చేదాకా ఆగొద్దు, సెంటర్‌కి ఫోన్ చేసి మర్నాడే స్లాట్ అడగండి, ఆయాసం గానీ గుండెల్లో దడ గానీ కాళ్ళల్లో సత్తువ లేకపోవడం గానీ ఉంటే స్లాట్ కూడా కాదు, నేరుగా హాస్పిటల్‌కే.

ఇప్పుడు వార్త. నిజమే. ఈ ముక్క మీ పెద్దబావ కూడా వినాలి. కానీ వీడియోలో చెప్పింది సగమే, మిగతా సగం చెప్తాను విను.

2021 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లో ఎన్‌వైయూ లాంగోన్ హాస్పిటల్లో రాబర్ట్ మాంట్‌గోమెరీ అనే డాక్టరు, బ్రెయిన్ డెడ్ అయిన ఒకామె తొడ దగ్గర రక్తనాళాలకి పంది కిడ్నీ కలిపి చూశారు, అది పనిచేసింది, 54 గంటలు చూసి ఆపేశారు. బతికున్న మనిషికి మొదటిసారి పెట్టింది 2024 మార్చిలో, బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్లో, రిచర్డ్ స్లేమన్ అనే 62 ఏళ్ళాయనకి. ఆయన సంగతి నాన్నగారికి చెప్పు, ఎందుకంటే ఆయనకి అప్పటికే 2018లో మనిషి కిడ్నీ పెట్టారు, అది చెడిపోయాక మళ్ళీ డయాలసిస్‌కి వచ్చారు, రక్తనాళాలు మాటిమాటికీ మూసుకుపోయి వేరే దారి లేకుండా పోయింది, అప్పుడు ఒప్పుకున్నారు. ఇంటికెళ్ళారు, పేపర్లలో ఫోటోలు వచ్చాయి, మన టీవీల్లో కూడా అద్భుతం అద్భుతం అన్నారు, రెండు నెలలు తిరక్కుండానే ఆయన చనిపోయారు. కిడ్నీ వల్ల చనిపోయినట్టు ఆధారం లేదని హాస్పిటల్ చెప్పింది. తర్వాత అదే ఏడాది లీసా పిసానో అనే ఆమెకి పెట్టారు, 47 రోజులకి తీసేయాల్సొచ్చింది. టొవానా లూనీ అనే ఆమెకి 130 రోజులు పనిచేసింది, 2025 ఏప్రిల్‌లో ఒళ్ళు ఆ కిడ్నీని తిప్పికొట్టడం మొదలెడితే తీసేశారు, ఆమె మళ్ళీ డయాలసిస్‌కే వెళ్ళింది. టిమ్ ఆండ్రూస్ అనే ఆయనకి 2025 జనవరిలో పెట్టింది 271 రోజులు నడిచింది, అక్టోబర్‌లో దాన్నీ తీశారు.

47, 130, 271. అంకెలు వరసగా చూస్తే ముందుకెళ్తున్నట్టే ఉంది కదా, నాక్కూడా సంతోషమే. 271 రోజులు ఒక మనిషి ఆ మిషన్‌కి దూరంగా ఉన్నాడంటే అది చిన్న విషయం కాదు, వారానికి మూడుసార్లు ఆటో ఎక్కి వెళ్ళి నాలుగేసి గంటలు మంచం మీద ఉండే మీ నాన్నగారికి అది నాకంటే నీకంటే బాగా అర్థమవుతుంది. కానీ మీ అమ్మ ఇస్తానంటున్న కిడ్నీ లెక్క రోజుల్లో ఉండదు. బతికున్న మనిషి నుంచి తీసుకున్న కిడ్నీలు మంచి సెంటర్లలో మొదటి ఏడాది నూటికి తొంభైకి పైనే పనిచేస్తాయి, పదేళ్ళు పదిహేనేళ్ళు నడిచినవి బోలెడు, ఇరవై దాటినవి కూడా ఉన్నాయి. పైగా పంది కిడ్నీ పెట్టినా మందులు తప్పవు, టాక్రోలిమస్ లాంటి రోగనిరోధక శక్తిని అణిచే మాత్రలు మనిషి కిడ్నీకి వేసుకున్నట్టే దీనికీ వేసుకోవాలి, ఇంకా ఎక్కువే వాడుతున్నారు. వీడియోలో ఇది చెప్పి ఉండరు.

మరి ఎప్పుడొస్తుంది అంటారు నాన్నగారు. అమెరికాలో మందులకీ చికిత్సలకీ అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2025 ఫిబ్రవరిలో ఒక కంపెనీకి పద్ధతి ప్రకారం ట్రయల్ చేసుకోమని ఒప్పుకుంది, ముందు ఆరుగురు, వాళ్ళు బాగుంటే మొత్తం యాభై మంది దాకా. ఈ అంకె నాన్నగారికి చెప్పు. ప్రపంచమంతా మోగిపోతున్న వార్త వెనకాల ఆ ట్రయల్లో ఉండేది యాభై మంది, మీ డయాలసిస్ సెంటర్‌లో రెండు మూడు షిఫ్టులు కలిపితే అంతకంటే ఎక్కువమంది తేలొచ్చు. ఆ ట్రయల్ అయ్యి, ఫలితం చూసి, అవసరమైతే మళ్ళీ పెద్ద ట్రయల్, అప్పుడు అక్కడ అనుమతి, ఆ తర్వాత మన దేశంలో అనుమతి, ఆ పందుల్ని సూక్ష్మక్రిమి సోకకుండా పెంచే ఫారాలు ఇక్కడ కట్టడం, ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో తేలడం, ఇవన్నీ ఉన్నాయి. నేను ఏ సంవత్సరం అని చెప్పను, చెప్పేవాళ్ళని నమ్మొద్దు కూడా. మనిషి కిడ్నీ మనిషికి పెట్టడమే చూడు, బోస్టన్‌లోనే 1954 డిసెంబర్‌లో జోసెఫ్ మర్రే కవలల మధ్య మార్చి సక్సెస్ అయ్యారు, కవలలు కాబట్టి ఒళ్ళు తిప్పికొట్టలేదు, మిగతా జనానికి అది నమ్మకంగా పనిచెయ్యడానికి సైక్లోస్పోరిన్ అనే మందు రావాల్సొచ్చింది, దానికి అమెరికాలో అనుమతి వచ్చింది 1983లో. మన దగ్గర వేలూరు సీఎంసీలో 1971లో చేశారు. అంటే మొదటి వార్తకీ మామూలు మనిషి మంచం దగ్గరికి రావడానికీ మధ్య దాదాపు ముప్పై ఏళ్ళు. ఇప్పుడు అంత పట్టకపోవచ్చు, కానీ మీ నాన్నగారికి 57.

ఇదే తంతు మిగతా జబ్బుల్లోనూ జరుగుతోంది. 2022 జూన్‌లో డోస్టార్‌లిమాబ్ అనే మందుతో న్యూయార్క్‌లో 12 మంది పేషెంట్లకి కణితి పూర్తిగా మాయమైంది అని వచ్చింది, అది నిజం, పెద్ద మెడికల్ జర్నల్‌లోనే వేశారు. మన ఫోన్లలోకి వచ్చేసరికి క్యాన్సర్‌కి మందు దొరికేసింది అయిపోయింది. అది పురీషనాళం క్యాన్సర్‌లో ఒకానొక జన్యు లోపం ఉన్నవాళ్ళకి మాత్రమే, ఆ క్యాన్సర్ వచ్చినవాళ్ళలో నూటికి ఐదు పది మందికే ఆ రకం ఉంటుంది. 2024 డిసెంబర్‌లో రష్యా క్యాన్సర్ వ్యాక్సిన్ ఫ్రీగా ఇస్తుందట అని ఇంకోటి తిరిగింది, అందరూ అదేదో పోలియో చుక్కల్లాగా వేయించుకుంటే క్యాన్సర్ రాదనుకున్నారు, అది అప్పటికే జబ్బు వచ్చినవాళ్ళకి వైద్యంగా తయారుచేస్తున్నది. వార్త రాసినవాడు అబద్ధం రాయలేదు, ఎవరికి, ఎంతమందికి, ఎన్నాళ్ళు చూశారు అన్న మూడు ముక్కలు వదిలేశాడు, ఆ మూడు ముక్కల్లోనే అసలు సంగతంతా ఉంటుంది. నాన్నగారి ఫోన్‌కి ఇంకో వీడియో వస్తుంది, రాకుండా ఉండదు, అప్పుడు ఆయన్ని కాదనకుండా ఈ మూడూ కలిసి వెతకండి. మనుషుల్లోనా ఎలకల్లోనా అన్నది కూడా, సగం వార్తలు అక్కడే ఆగిపోతాయి.

పెద్దబావ దగ్గరికొద్దాం. ఆయన కోపం ఊరికే రాలేదమ్మా. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తుందో కనుక్కోడానికి ఎన్ని టీములు రాలేదు, నీళ్ళు పట్టుకెళ్ళారు, మట్టి పట్టుకెళ్ళారు, రక్తం పట్టుకెళ్ళారు, ఎండలో పని, నీళ్ళు తక్కువ తాగడం, నీళ్ళల్లో ఉన్నవి, పురుగుమందులు, జన్యువులు ఇలా ఒక్కొక్కరు ఒక్కొక్కటి అనుమానించారు, ఇదే కారణం అని వేలు పెట్టి చూపించింది మాత్రం ఇప్పటికీ లేదు. శ్రీలంకలో, మధ్య అమెరికా చెరకు తోటల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది, అక్కడా ఇదే పరిస్థితి. "మా రగతం అట్టుకెళ్ళిపోనారు, రిపోర్టు మాత్రం ఏ నా కొడుకూ తేలేదు" అని మీ వైపు పెద్దాళ్ళు తిట్టుకోవడం నేను చెవులారా విన్నాను, అందులో న్యాయం ఉంది. అలా కాలిన జనం ఇంకో రీసెర్చి వార్త వినగానే మోసం అంటారు. కానీ బావని ఒక్కటి అడుగు, మోసం చేసేవాడు ఆ కిడ్నీ 130 రోజులకే చెడిపోయింది, తీసేశాం అని తనే ఎందుకు చెప్పుకుంటాడు? అదే రాత్రికి రాత్రి క్రియాటినిన్ తగ్గించే పొడి అమ్మేవాడు ఎంతమందికి తగ్గలేదో ఎప్పుడైనా చెప్పాడా? 2021 మేలో కరోనా తగ్గిస్తుందని ఆనందయ్య మందు కోసం కృష్ణపట్నం రోడ్లు కిక్కిరిసిపోయినప్పుడు ట్రయల్ అయిందా అని అడిగినవాళ్ళు ఎంతమంది? మనం గుడ్డిగా నమ్మడంలోనూ గుడ్డిగా కొట్టిపారెయ్యడంలోనూ అడగాల్సింది అడగం, అదీ చిక్కు.

(పంది అవయవం మనకేం కొత్త కాదు కూడా. 1997లో అస్సాంలో ధనీరామ్ బారువా అనే డాక్టరు పంది గుండె ఒక మనిషికి పెట్టారు, పేషెంట్ వారం రోజులకే చనిపోయాడు, అవయవ మార్పిడి చట్టం కింద ఆయన్ని అరెస్టు చేశారు. అప్పుడు పందుల్లో ఇన్ని జన్యువులు ఒకేసారి మార్చే పద్ధతి లేదు. ఇప్పుడు బోస్టన్‌లో పెట్టిన కిడ్నీ పందిలో 69 మార్పులు చేశారు, పంది కణాల మీద మన ఒంటికి పడని చక్కెర పదార్థాల్ని తయారుచేసే 3 జన్యువులు తీసేశారు, 7 మనిషి జన్యువులు చేర్చారు, మిగతా 59 పంది డీఎన్ఏలో నిద్రపోతున్న వైరస్‌లని పనిచెయ్యకుండా చెయ్యడం. బావకి ఇలాంటివి ఇష్టం అయితే ఇది చెప్పు, గొడవ కాస్త చర్చలోకి మారుతుంది.)

మేనత్త ఏడుపుకి ఒక్క మాట. డయాలసిస్ జరుగుతున్నప్పుడు ట్యూబుల్లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ అని ఒక మందు వేస్తారు, అది ఎక్కువగా పంది పేగుల్లోంచే తీస్తారు. గుండె వాల్వులు కూడా పందివి ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నారు. ఇది ఆవిడ మొహాన కొట్టినట్టు చెప్పొద్దు, అన్నం మానేస్తుంది, నువ్వు తెలుసుకుని ఊరుకో, అవసరమైతే నాన్నగారికి నవ్వుతూ చెప్పు. అయినా ఆయనకి పంది అంటే అసహ్యం లేదు కదా, ఉన్నదల్లా వేరేది.

అసలు విషయం ఇక్కడుంది అనిపిస్తోంది నాకు. నీ ఉత్తరంలో నాన్నగారి మాట మళ్ళీ చదువు, "మీ అమ్మని కొయ్యడం దేనికి". ముందు ఆ మాట వచ్చింది, పంది తర్వాతొచ్చింది. ఆయన వార్తని నమ్మి అమ్మ కిడ్నీ వద్దనట్లేదు చెల్లీ, అమ్మ కిడ్నీ తీసుకోలేక ఆ వార్త వెనక దాక్కుంటున్నారు. భార్యకి ఆపరేషన్ చేయించి తను బతకాలా అన్నది ఆ వయసు మగాళ్ళు నోటితో చెప్పలేరు, ఊళ్ళో నలుగురూ ఏమనుకుంటారో అన్నది కూడా ఉంటుంది, రేపు ఆమెకి ఏమైనా అయితే పిల్లలకి నా మొహం ఎలా చూపించాలి అన్నది ఉంటుంది. సరిగ్గా అప్పుడు ఎవర్నీ కొయ్యక్కర్లేని కిడ్నీ ఒకటి ఫోన్‌లో కనబడితే ఎవరికి ఆశ పుట్టదు? అందుకే బావ "అది మోసం" అన్నప్పుడల్లా ఆయన ఇంకా గట్టిగా పట్టుకుంటారు, ఆ వార్త పోతే ఇక భార్య కిడ్నీ తప్ప దారి లేదు కాబట్టి. ఆ వార్త తప్పని నిరూపించి నువ్వు సాధించేది ఏమీ లేదు.

కాబట్టి పంది గురించి వాదించడం మానెయ్యండి అందరూ. డయాలసిస్ అయిన రోజు సాయంత్రం ఏమీ కదపొద్దు, ఆ రోజు ఆయన ఒళ్ళు పిప్పి అయిపోయి ఉంటుంది, దేనికైనా వద్దు అనే వస్తుంది. మర్నాడు పొద్దున్న, తోటలోకి వెళ్ళే వేళకి, బావ లేకుండా, నువ్వొక్కదానివే వెళ్ళు. చెయ్యి పట్టుకుని కూచో, ఎడమచెయ్యో కుడిచెయ్యో, డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేసిన చెయ్యి, అక్కడ వేళ్ళు పెడితే లోపల గుయ్యిమని అదురుతుంటుంది చూశావా, ఆ అదురు ఉందో లేదో ఆయన రోజూ చూసుకుంటున్నారా అని అడుగు, అది ఆగిపోతే వెంటనే సెంటర్‌కి చెప్పాలి, ఆ చేతికి బీపీ కట్టించుకోకూడదు, బరువులు మొయ్యకూడదు. ఇలా ఒంటి సంగతితో మొదలైతే మాట మెత్తగా నడుస్తుంది. తర్వాత "నాన్నా, ఆ పంది కిడ్నీ మన దాకా వస్తే మొదట నీకే పెట్టిద్దాం, కానీ అప్పటిదాకా నువ్వు ఒంట్లో బలంగా ఉండాలి కదా, డయాలసిస్ మానేస్తే దానికీ పనికిరావు" అను. ఇది బుజ్జగింపు కాదు, నిజం, గుండె పాడైతే ఏ కిడ్నీ అయినా పెట్టరు. ఆ తర్వాత మెల్లిగా "అమ్మ గురించి భయమా నాన్నా" అని అడిగి నోరు మూసుకుని ఉండు. ఆయన ఏం చెప్తే అది విను, మధ్యలో ధైర్యం చెప్పెయ్యకు.

అమ్మ గురించి మీ ఇంట్లో ఎవరూ ఆలోచించినట్టు లేదు, ఇచ్చేస్తానంది కదా అని తేలిగ్గా తీసుకున్నారు. మన దేశంలో బతికుండగా అవయవాలు ఇచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ, అందులో ఇష్టంగా ఇచ్చేవాళ్ళున్నారు, కాదనలేక ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. అమ్మని కూడా ఒంటరిగా అడుగు, డాక్టరుగారితో కూడా ఆమె ఒక్కతే మాట్లాడేలా చూడు, వద్దనుకుంటే ఎప్పుడైనా వద్దనొచ్చు అని ఆమెకి తెలియాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, అమ్మ కూడా అదే ఊరి నీళ్ళు తాగి, అదే ఎండలో తోటల్లో పని చేసిన మనిషి. ఉద్దానంలో ఈ జబ్బు మొదట్లో ఏ లక్షణమూ చూపించదు, మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోకుండానే లోపల్లోపల కిడ్నీ దెబ్బతింటుంది. మీ వైపు నుంచి వచ్చే దాత అంటే మామూలు కంటే ఇంకా జాగ్రత్తగా చూడమని డాక్టర్ని గట్టిగా అడగండి, క్రియాటినిన్ ఒక్కటే చాలదు, వడపోత శక్తి కొలిచే టెస్టు, స్కాను, బీపీ, షుగరు అన్నీ. ఓ గ్రూపు బీ గ్రూపుకి ఇవ్వొచ్చు, అది సమస్య కాదు. టెస్టులు అంటే ఆపరేషన్‌కి ఒప్పుకున్నట్టు కాదు అని నాన్నగారికి చెప్పు, అమ్మ కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలుసుకోడానికి చేయిస్తున్నాం అను, ఆ మాట మీద ఆయన కాదనలేరు, ఎందుకంటే ఆయన బెంగ అంతా ఆమె ఆరోగ్యం మీదే కదా. ఒకవేళ అమ్మది పనికిరాదని తేలితే, ఆమెకే మందు మొదలుపెట్టాల్సి వస్తే, ఇప్పుడే తెలియడం ఎంత మంచిది.

అమ్మది కుదిరితే ఆపరేషన్ తర్వాత ఆమెకి ఏమవుతుంది అని నాన్నగారు అడుగుతారు. ఒక్క కిడ్నీతో మనిషి మామూలుగా బతుకుతాడు, ఏడాదికోసారి టెస్టులు చేయించుకోవాలి, ప్రాణాపాయం చాలా తక్కువ, సున్నా మాత్రం కాదు. సున్నా అని చెప్పి ఒప్పించొద్దు, ఆయన తెలివితక్కువ మనిషి కాదు, ఎవరో ఒకరు చెప్పేస్తారు, అప్పుడు నీ మీద నమ్మకం పోతుంది. మీ సెంటర్‌లో ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుని చెకప్‌కి వచ్చే జంట ఎవరైనా ఉన్నారా అని టెక్నీషియన్‌ని అడుగు, ఇచ్చిన ఆవిడతో నాన్నగారు పది నిమిషాలు మాట్లాడితే నేను రాసిన ఈ చాంతాడంత ఉత్తరం అక్కర్లేదు.

అమ్మ పని జరుగుతున్నా జరక్కపోయినా జీవన్‌దాన్‌లో నాన్నగారి పేరు రాయించండి, బ్రెయిన్ డెడ్ అయినవాళ్ళ అవయవాలు వరస ప్రకారం వచ్చేది అక్కడి నుంచే, ఆలస్యం చేస్తే వరసలో వెనకబడతారు. భార్యాభర్తలు చట్టం ప్రకారం దగ్గరి బంధువులే కాబట్టి పేపర్లు మరీ కష్టం కాదు, ఆధార్ కార్డులు, పెళ్ళి రుజువు, పాత ఫోటోలు ఉంటే తీసి పెట్టుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవలో ఆపరేషన్ ఖర్చు ఎంత వరకు వస్తుంది, తర్వాత నెలనెలా మాత్రలకి ఏం ఇస్తారు అన్నది హాస్పిటల్లో ఆరోగ్యమిత్ర దగ్గర కాగితం మీద రాయించుకోండి, నోటిమాట కాదు. ఆ మాత్రలు ఆపితే పెట్టిన కిడ్నీ పోతుంది, ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. డయాలసిస్ పింఛను పదివేలు వస్తోంది కదా, ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత దాని సంగతేంటో కూడా సచివాలయంలో ముందే కనుక్కో, డబ్బు లెక్క కూడా నాన్నగారి మనసులో ఉండే ఉంటుంది, పైకి చెప్పరు.

ఇక తమ్ముడు. నిజం చెప్పాలంటే మీ ఇంట్లో మెడికల్ రీసెర్చి వార్తతో బాగా లాభపడగలిగేది వాడొక్కడే, కానీ ఆ వార్త వాడి ఫోన్‌కి రాలేదు, ఎందుకంటే అందులో పందీ లేదు అద్భుతమూ లేదు. 2020లో డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మాత్రని కిడ్నీ జబ్బు ఉన్న 4304 మందికి ఇచ్చి చూశారు, అందులో షుగరు లేనివాళ్ళు కూడా ఉన్నారు, మాత్ర వేసుకున్నవాళ్ళలో కిడ్నీ బాగా దెబ్బతినడం గానీ కిడ్నీ వల్లో గుండె జబ్బు వల్లో చనిపోవడం గానీ, డమ్మీ మాత్ర వేసుకున్నవాళ్ళతో పోలిస్తే 39 శాతం తగ్గింది. 2022లో ఎంపాగ్లిఫ్లోజిన్ అనే దాని అక్కచెల్లెల్ని 6609 మందికి ఇచ్చి చూస్తే అది కూడా అలాగే పనిచేసింది. ఇవి రెండూ ఇప్పుడు మన దగ్గర జనరిక్‌లో దొరుకుతున్నాయి, శ్రీకాకుళం మెడికల్ షాపులో కూడా ఉంటాయి. టీవీలో ఎవరూ అద్భుతం అనలేదు. అలాగని వాడిని షాపుకి వెళ్ళి కొనుక్కోమనొద్దు, మొదటి ట్రయల్ చేసింది మూత్రంలో ప్రొటీన్ పోతున్నవాళ్ళ మీద, ఉద్దానం రకం జబ్బు వేరేగా ఉంటుంది, వాడికి సరిపోతుందా లేదా అన్నది కిడ్నీ డాక్టరు (నెఫ్రాలజిస్టు) మూత్రం టెస్టూ వడపోత లెక్కా చూసి చెప్పాలి, కొందరికి ఆ మాత్ర పడదు కూడా.

28 ఏళ్ళకి 1.6 అంటే ఊరుకునే అంకె కాదు. మూడు నెలల తేడాతో మళ్ళీ చేయించాలి, పెరుగుతోందా నిలకడగా ఉందా చూడాలి. పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటరూ దానికి 200 పడకల హాస్పిటలూ 2023 డిసెంబర్‌లో తెరిచారు, మీకు దగ్గరే, నాన్నగారి ఫైలు కూడా పట్టుకెళ్ళమను, ఇంట్లో ఇంకొకరికి ఉందని తెలిస్తే వాళ్ళు చూసే తీరు వేరుగా ఉంటుంది. ఇంకా వాడు తోట పని చేసొచ్చి ఒళ్ళునొప్పులని ఆర్‌ఎంపీ దగ్గర సూది గానీ డైక్లోఫెనాక్ మాత్ర గానీ వేయించుకుంటుంటే అది ఈ రోజుతో ఆపాలి, నొప్పికి పారాసెటమాల్ చాలు. వాడు ఇవేవీ పట్టించుకోడు అన్నావు. నువ్వు చెప్పకు, నాన్నగారి చేత చెప్పించు. కాదు, చెప్పించడం కూడా వద్దు, వచ్చే డయాలసిస్‌కి నాన్నగారికి తోడు వాడినే పంపించు, నాలుగు గంటలూ అక్కడ కూచోబెట్టు, తోడు వెళ్ళాలంటే కాదనడు కదా.